చైల్డ్ ప్రాసెస్ పని అయిపోయినా లిస్టులోంచి ఎందుకు పోదు? వెయిట్ కాల్ లోపలి సంగతి

విశాఖలోనే కాదు, ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్) ల్యాబ్‌లో చూసినా ఫోర్క్ ప్రోగ్రామ్ దగ్గర ఒకటే గొడవ. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ప్రాసెస్ అంటారు, అది ఫోర్క్ అనే కాల్‌తో ఇంకో ప్రాసెస్‌ని పుట్టిస్తుంది, పుట్టించింది పేరెంట్, పుట్టింది చైల్డ్. కోడ్ అదే, మెషిన్ అదే, ఒకసారి పేరెంట్ మెసేజ్ ముందు పడుతుంది, ఇంకోసారి చైల్డ్‌ది ముందు పడుతుంది. వెయిట్ అని ఒక్క లైను చేర్చగానే వరస కుదురుతుంది. దాన్ని రికార్డులో రాసేసి, వైవాలో "పేరెంట్ చైల్డ్ కోసం ఆగుతుంది సార్" అని చెప్పి బయటపడతారు. ఎందుకు ఆగాలి, ఆగకపోతే ఏమవుతుంది, ఆగినంతసేపూ సీపీయూ ఖర్చవుతుందా అన్న ప్రశ్నలు అక్కడ రావు. అవి వచ్చేది ఉద్యోగంలో చేరాక, మధురవాడ ఐటీ హిల్స్‌లో ఏదో ఆఫీసులో నైట్ షిఫ్ట్ నడుస్తుండగా సర్వర్ ఇక కొత్త ప్రాసెస్ పుట్టించనని మొరాయించినప్పుడు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక డేటా సెంటర్ల గురించి ఊళ్లో చాలా మాటలు నడుస్తున్నాయి. అలాంటి సెంటర్లలో తిరిగే సర్వర్లలో ఎక్కువ శాతం లినక్సే కాబట్టి, ఈ చిన్న కాల్ గురించి కాస్త వివరంగా తెలిసి ఉండటం మంచిది.

క్లుప్తంగా

చైల్డ్ ప్రాసెస్ ముగియగానే దాని మెమొరీ, తెరిచిన ఫైళ్లు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) వెనక్కి తీసేసుకుంటుంది. అది ఎలా ముగిసిందన్న సమాచారాన్ని మాత్రం పేరెంట్ వచ్చి అడిగేదాకా దాచి ఉంచుతుంది. అలా ప్రాసెస్‌ల లిస్టులో మిగిలిన ఎంట్రీనే జాంబీ అంటారు. వెయిట్ కాల్ ఆ సమాచారం అందుకుని ఎంట్రీని చెరిపిస్తుంది. పేరెంట్ అడక్కపోతే జాంబీలు పేరుకుంటాయి. పేరెంటే పోతే ఆ బాధ్యత 1వ నంబరు ప్రాసెస్ (అన్నింటికంటే ముందు మొదలయ్యేది) మీద పడుతుంది. అదీ పట్టించుకోకపోతే, కంటెయినర్లలో (ఒక అప్లికేషన్‌ని మిగతావాటి నుంచి వేరుచేసి నడిపే ఏర్పాటు) తరచూ జరిగేది ఇదే, ఒక రోజు ఫోర్క్ ఫెయిలవుతుంది.

వరస ఎందుకు తప్పుతుంది

ఫోర్క్‌ని పిలిచేది ఒక ప్రాసెస్, జవాబు అందేది రెండింటికి. పేరెంట్‌కి చైల్డ్ పీఐడీ (ప్రాసెస్ గుర్తింపు నంబరు) వస్తుంది, చైల్డ్‌కి సున్నా వస్తుంది, కుదరకపోతే పేరెంట్‌కి మైనస్ ఒకటి వస్తుంది, చైల్డ్ పుట్టదు. అక్కణ్ణుంచి ఎవరి మెమొరీ వాళ్లది, ఎవరి దారి వాళ్లది. ఏది ముందు నడుస్తుందన్నది షెడ్యూలర్ (సీపీయూని ఎవరికి ఇవ్వాలో తేల్చే కెర్నల్ భాగం) ఇష్టం. నాలుగు కోర్లున్న మెషిన్ మీదైతే రెండూ ఒకేసారి నడవొచ్చు. కాబట్టి అవుట్‌పుట్ వరస మారడం బగ్ కాదు, అసలు వరస ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

కొందరు దీనికి విరుగుడుగా పేరెంట్‌లో రెండు సెకన్ల స్లీప్ పెడతారు. రోజూ బాగానే పనిచేస్తుంది, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజు మెషిన్ స్లోగా ఉంటే పరువు తీస్తుంది. చైల్డ్ అరసెకనులో ముగిస్తే మిగతా ఒకటిన్నర సెకను దండగ, మూడు సెకన్లు తీసుకుంటే స్లీప్ పెట్టిన లాభమే లేదు. పైగా చైల్డ్ సరిగ్గా ముగిసిందో మధ్యలో చచ్చిందో స్లీప్‌కి తెలిసే దారే లేదు.

ఆగడమంటే నిద్రపోవడమే

పేరెంట్ వెయిట్ పిలవగానే కెర్నల్ ముందు దాని పిల్లల జాబితా చూస్తుంది. అసలు పిల్లలే లేకపోతే వెంటనే ఈచైల్డ్ అనే ఎర్రర్ ఇచ్చి పంపేస్తుంది. ఇప్పటికే ముగిసిన చైల్డ్ ఒకటి ఉంటే దాని స్టేటస్ చేతిలో పెట్టి, ఎంట్రీ చెరిపేసి పంపుతుంది, ఆగాల్సిన పనే లేదు. పిల్లలున్నారు, ఇంకా నడుస్తున్నారు అంటేనే పేరెంట్‌ని వెయిట్ క్యూలో పెట్టి నిద్రపుచ్చుతుంది. అలా నిద్రలో ఉన్న ప్రాసెస్‌ని షెడ్యూలర్ లెక్కలోకే తీసుకోదు, గంట ఆగినా ఆ గంటలో అది వాడుకున్న సీపీయూ దాదాపు సున్నా. లూప్ పెట్టి "అయిందా, అయిందా" అని మాటిమాటికీ అడగడానికీ దీనికీ ఉన్న తేడా అదే.

అవతల చైల్డ్ ఎగ్జిట్ పిలిచినా, సిగ్నల్ (కెర్నల్ ద్వారా ప్రాసెస్‌కి అందే కబురు) దెబ్బకి చచ్చినా, కెర్నల్‌లో అది వెళ్లే దారి ఒకటే. మెమొరీ వదిలేస్తుంది, ఫైళ్లు మూసేస్తుంది, దాని కింద పిల్లలుంటే వాళ్లని వేరొకరికి అప్పగిస్తుంది, ఎగ్జిట్ స్టేటస్ రాసి పెడుతుంది, పేరెంట్‌కి సిగ్‌చైల్డ్ అనే సిగ్నల్ పంపుతుంది, పేరెంట్ వెయిట్‌లో నిద్రపోతుంటే తట్టి లేపుతుంది. ఆ నిద్రని ఇంకేదైనా సిగ్నల్ కూడా చెడగొట్టొచ్చు. అప్పుడు వెయిట్ ఈఇంటర్ అనే ఎర్రర్‌తో తిరిగొస్తుంది, చైల్డ్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ ఎర్రర్ వస్తే మళ్లీ పిలవాలన్న సంగతి ల్యాబ్ ప్రోగ్రాముల్లో కనిపించేది అరుదు.

జాంబీ ఎందుకు ఉండి తీరాలి

చైల్డ్ ముందు ముగిసి, పేరెంట్ తర్వాత తీరిగ్గా వెయిట్ పిలిచిందనుకోండి. చైల్డ్ ముగియగానే కెర్నల్ దాని ఆనవాళ్లన్నీ తుడిచేసి ఉంటే పేరెంట్‌కి చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకే పీఐడీ, ఎగ్జిట్ స్టేటస్, ఎంత సీపీయూ వాడిందన్న లెక్క ఉన్న చిన్న ఎంట్రీని ఉంచేస్తుంది. ఎవరు ముందొచ్చినా, ఎవరు వెనకొచ్చినా సమాచారం పోకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది. జాంబీ అనగానే చెడిపోయిన ప్రాసెస్ అనుకుంటారు గానీ, ప్రతి చైల్డూ కొన్ని మైక్రోసెకన్లయినా ఆ దశ దాటే వెళ్తుంది.

సాయంత్రం ఆర్టీసీ డిపోలో కండక్టర్ డ్యూటీ దిగడం ఇలాగే ఉంటుంది. సిటీ అంతా తిరిగొచ్చిన బస్సు ఇంకో డ్యూటీకి వెళ్లిపోవచ్చు, డ్రైవర్ ఇంటికి పోవచ్చు, కానీ ఆ రోజు వసూళ్ల లెక్క కౌంటర్లో అప్పజెప్పి, క్లర్కు దాన్ని ఎక్కించుకునేదాకా కండక్టర్ డ్యూటీ ముగిసినట్టు కాదు. క్లర్కు సీట్లో లేకపోతే "ఇంకా ఇక్కడే ఉన్నావేం" అని కండక్టర్ మీద అరిచి లాభం లేదు, పిలవాల్సింది క్లర్కుని.

లినక్స్‌లో ప్రాసెస్‌ల లిస్టు చూపే పీఎస్ కమాండ్ కొట్టి చూస్తే స్టేటస్ కాలమ్‌లో జెడ్ అక్షరం, పేరు పక్కన డిఫంక్ట్ అన్న మాట కనిపిస్తాయి, మెమొరీ సున్నా చూపిస్తుంది. కొత్తగా చూసినవాళ్లు వెంటనే కిల్ మైనస్ 9 కొడతారు, ఏమీ జరగదు, మళ్లీ కొడతారు, మళ్లీ ఏమీ జరగదు, టెన్షన్ మొదలవుతుంది. ముగిసిపోయిన ప్రాసెస్‌ని మళ్లీ చంపడం ఎలా కుదురుతుంది? చూడాల్సింది పక్కనున్న పీపీఐడీ కాలమ్, అంటే పేరెంట్ ఎవరన్నది. ఆ పేరెంట్‌లో లోపం సరిచేయాలి, తక్షణం గట్టెక్కాలంటే దాన్ని రీస్టార్ట్ చేయాలి. పేరెంట్ పోగానే జాంబీలన్నీ 1వ నంబరు ప్రాసెస్‌కి చేరి అక్కడ చెరిగిపోతాయి.

దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. జాంబీగా ఉన్నంతకాలం ఆ పీఐడీని కెర్నల్ ఇంకెవరికీ ఇవ్వదు. కాబట్టి పేరెంట్ తన చైల్డ్ పీఐడీకి సిగ్నల్ పంపితే అది వేరే ప్రాసెస్‌కి తగిలే ప్రమాదం లేదు, వెయిట్ చేసేదాకా ఆ నంబరు దానిదే.

నష్టం ఎక్కడంటే సంఖ్యలో. పది జాంబీలుంటే ఎవరికీ ఏమీ కాదు. లినక్స్‌లో పీఐడీల పరిమితి చాలాకాలం 32,768గా ఉండేది, 64 బిట్ మెషిన్లలో దాన్ని 41,94,304 దాకా పెంచుకోవచ్చు, ఇప్పుడు చాలా డిస్ట్రిబ్యూషన్లు ఆ పెద్ద విలువే పెడుతున్నాయి. కానీ ఒక్కో యూజర్‌కి విడిగా ఉండే ప్రాసెస్‌ల పరిమితి అంతకంటే చాలా చిన్నది, అందులో జాంబీలు కూడా లెక్కే. నిమిషానికి ఒక జాంబీ వదిలే ప్రోగ్రామ్ రోజుకి 1,440 వదులుతుంది. వారం తర్వాత "రిసోర్స్ టెంపరరీలీ అనవైలబుల్" అని వస్తే అడ్మిన్ ముందు చూసేది మెమొరీ గ్రాఫే, అక్కడేమీ దొరకదు.

3 అంటే 768 ఎలా అయింది

చైల్డ్‌లో ఎగ్జిట్ 3 అని పెట్టి, వెయిట్ నింపిన స్టేటస్‌ని పేరెంట్‌లో నేరుగా ప్రింట్ చేస్తే 3 రాదు, 768 వస్తుంది. ల్యాబ్‌లో చాలామంది అది చెత్త విలువ అనుకుని వదిలేస్తారు. అది 3 ఇంటూ 256. ఒకే పూర్ణాంకంలో రెండు రకాల కబుర్లు ఇరికించడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి: కింది 7 బిట్లలో ఏ సిగ్నల్ చంపిందన్నది, 8వ బిట్‌లో కోర్ డంప్ (చచ్చేటప్పటి మెమొరీ కాపీ) పడిందా లేదా అన్నది, దాని పైన 8 బిట్లలో చైల్డ్ ఇచ్చిన ఎగ్జిట్ కోడ్ ఉంటాయి. నేరుగా చదవకుండా, మామూలుగా ముగిసిందా అని డబ్ల్యూఇఫ్‌ఎగ్జిటెడ్ మాక్రోతో ముందు అడిగి, అవునంటేనే డబ్ల్యూఎగ్జిట్‌స్టేటస్‌తో కోడ్ తీసుకోవాలి.

ఎనిమిదే బిట్లు కాబట్టి 255 దాటితే కోడ్ చుట్టు తిరుగుతుంది. ఎగ్జిట్ మైనస్ ఒకటి 255 అవుతుంది. ఎగ్జిట్ 256 అయితే మరీ దారుణం, పేరెంట్‌కి సున్నా అందుతుంది, అంటే అంతా సవ్యంగా జరిగినట్టు! ఎర్రర్ల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా పంపే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి, వాటిలో సరిగ్గా 256 ఎర్రర్లు వచ్చిన రోజు ఎవరికీ ఏమీ తెలియదు.

షెల్ (మనం టైప్ చేసే కమాండ్లని నడిపించే ప్రోగ్రామ్) మళ్లీ తన సొంత లెక్క వాడుతుంది. సిగ్నల్ దెబ్బకి పోయిన కమాండ్‌కి 128 కలిపి చెబుతుంది: 9వ సిగ్నల్ అయితే 137, 15 అయితే 143, సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమొరీని ముట్టుకోవడం) అయితే 11 కాబట్టి 139. విచిత్రమేంటంటే కోర్ డంప్ పడిన సెగ్మెంటేషన్ ఫాల్ట్‌కి ముడి స్టేటస్ కూడా 139 వస్తుంది, అక్కడ 128 అనేది కోర్ డంప్ బిట్. రెండూ ఒకటే అనుకుని రాసిన కోడ్ కోర్ డంప్ పడిన కేసుల్లో పనిచేసి, అది పడని సిగ్నల్ చావుల్లో తప్పుతుంది.

పిల్లలు ఎక్కువైతే

వచ్చిన ప్రతి కనెక్షన్‌కీ ఒక చైల్డ్‌ని పుట్టించే సర్వర్ ఒక్కోదాని కోసం ఆగుతూ కూర్చోలేదు, కూర్చుంటే తర్వాతి కస్టమర్‌ని ఎవరు చూస్తారు? అందుకు వెయిట్‌పిడ్ ఉంది. ఏ చైల్డ్ కోసమో నంబరు చెప్పొచ్చు, ఎవరైనా సరే అంటే మైనస్ ఒకటి ఇవ్వొచ్చు, డబ్ల్యూనోహ్యాంగ్ అన్న ఆప్షన్ పెడితే ఆగకుండా అడిగి వచ్చేస్తుంది. పిల్లలున్నారు గానీ ఎవరూ ముగియలేదంటే సున్నా ఇస్తుంది.

మామూలు పద్ధతి ఏంటంటే సిగ్‌చైల్డ్‌కి హ్యాండ్లర్ (సిగ్నల్ అందగానే నడిచే ఫంక్షన్) రాసి అందులో వెయిట్‌పిడ్ పిలవడం. తప్పు జరిగేది కూడా ఇక్కడే. ఈ సిగ్నల్స్ క్యూ కట్టవు. హ్యాండ్లర్ నడుస్తుండగా ఐదుగురు పిల్లలు ముగిస్తే ఐదు సిగ్నల్స్ కాదు, మళ్లీ ఒక్కటే వస్తుంది. సిగ్నల్‌కి ఒక్కసారి వెయిట్ పిలిచే హ్యాండ్లర్ అయితే నలుగురిని జాంబీలుగా వదిలేసినట్టే. సున్నా గానీ ఎర్రర్ గానీ వచ్చేదాకా లూప్‌లో పిలవాలి. తక్కువ లోడ్‌లో ఈ బగ్ ఎప్పటికీ బయటపడదు, టెస్టింగ్‌లో పాసై రద్దీ రోజున దొరుకుతుంది.

స్టేటస్‌తో పనే లేకపోతే సిగ్‌చైల్డ్‌ని ఇగ్నోర్ చేస్తున్నానని కోడ్‌లో స్పష్టంగా ప్రకటించొచ్చు, అప్పుడు లినక్స్ జాంబీ ఎంట్రీనే ఉంచదు. ఆ సిగ్నల్ డిఫాల్ట్ చర్య కూడా ఇగ్నోర్ చేయడమే గదా, మళ్లీ చెప్పడం దేనికి అనిపిస్తుంది. కానీ కెర్నల్ ఈ రెంటినీ వేర్వేరుగా చూస్తుంది.

షెల్ స్క్రిప్టులో ఇదే కథ

ద్వారకానగర్‌లో ఓ ఫొటో స్టూడియో అనుకోండి. పెళ్లి ఫొటోలు నాలుగు ఫోల్డర్లలో ఉన్నాయి, వాటి సైజు తగ్గించి జిప్ చేసి కస్టమర్‌కి పంపాలి. స్క్రిప్టులో నాలుగు కమాండ్ల చివరా యాంపర్సండ్ (&) పెట్టి నాలుగూ ఒకేసారి నడిపించి, కిందే జిప్ కమాండ్ రాస్తే, ఫొటోలు సగం అయ్యేసరికే జిప్ తయారైపోతుంది. తలంబ్రాలు ఉంటాయి, అప్పగింతలు ఉండవు. మధ్యలో వెయిట్ అని ఒక్క మాట పెడితే చాలు, నాలుగూ అయ్యాకే జిప్ మొదలవుతుంది.

చాలు అన్నాం గానీ పూర్తిగా చాలదు. బ్యాష్‌లో (లినక్స్‌లో ఎక్కువగా వాడే షెల్) ఉత్త వెయిట్ ఎప్పుడూ సున్నానే ఇస్తుంది, డిస్క్ నిండి నాలుగో కమాండ్ ఫెయిలైనా సరే. ఏది ఫెయిలైందో తెలియాలంటే ఒక్కో కమాండ్ పీఐడీ దాచుకుని, ఒక్కోదానికి విడిగా వెయిట్ చేసి జవాబు చూడాలి. ఎవరు ముందు ముగిస్తే వాళ్లది చూడాలంటే బ్యాష్ 4.3 నుంచి వెయిట్ మైనస్ ఎన్ ఉంది.

ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగితే

చైల్డ్ అవుట్‌పుట్‌ని పైప్ (ఒక ప్రాసెస్ రాసింది ఇంకోటి చదివే దారి) ద్వారా చదివే ప్రోగ్రాముల్లో, అందులోనూ పైథాన్‌లో, ఒక హ్యాంగ్ తరచూ కనిపిస్తుంది. పేరెంట్ ముందు వెయిట్ చేసి, అది ముగిశాక పైప్ చదవాలనుకుంటుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లినక్స్ పైప్ బఫర్ మామూలుగా 65,536 బైట్లే. చైల్డ్ అంతకంటే ఎక్కువ రాయబోతే బఫర్ నిండి, ఎవరైనా చదివేదాకా ఆగిపోతుంది. చదవాల్సిన పేరెంటేమో చైల్డ్ ముగిసేదాకా వెయిట్‌లో నిద్రపోతోంది. ఇక ఇద్దరూ కదలరు, సీపీయూ సున్నా, లాగ్‌లో ఒక్క ఎర్రర్ ఉండదు. చిన్న ఫైలుతో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది. పరిష్కారం వరస మార్చడమే: ముందు చివరిదాకా చదవాలి, తర్వాత వెయిట్ చేయాలి. పైథాన్‌లో కమ్యూనికేట్ అనే మెథడ్ చేసేది ఇదే.

పేరెంటే ముందు పోతే, కంటెయినర్లలో ఏమవుతుంది

వెయిట్ సొంత పిల్లలకే పనిచేస్తుంది, మనవల కోసం ఆగడం కుదరదు. పేరెంట్ ముందు ముగిస్తే నడుస్తున్న చైల్డ్ ఆర్ఫన్ అవుతుంది, దాన్ని 1వ నంబరు ప్రాసెస్ దత్తత తీసుకుంటుంది. లినక్స్ 3.4 నుంచి మధ్యలో ఏదైనా ప్రాసెస్ ఆ బాధ్యత తనదని ముందే ప్రకటించుకోవచ్చు, అప్పుడు ఆర్ఫన్లు దాని దగ్గరికి చేరతాయి. మామూలు మెషిన్‌లో 1వ నంబరు అంటే సిస్టమ్‌డీ లాంటి ఇనిట్ (మిగతా ప్రాసెస్‌లని మొదలుపెట్టే ప్రోగ్రామ్), ముగిసిన ప్రతిదానికీ వెయిట్ చేయడం దాని రోజువారీ పని.

డాకర్ కంటెయినర్‌లో అలా కాదు. అక్కడ 1వ నంబరు మన అప్లికేషనే, నోడ్ సర్వరో పైథాన్ స్క్రిప్టో. వేరేవాళ్ల పిల్లలు తన ఒళ్లో వచ్చి పడతారని దాన్ని రాసినవాళ్లు ఊహించి ఉండరు. ఆర్ఫన్లు వచ్చి ముగుస్తాయి, వెయిట్ చేసేవాళ్లు ఉండరు, జాంబీలు పేరుకుంటాయి. దీనికి తోడు ఇంకో చిక్కు. 1వ నంబరు ప్రాసెస్ హ్యాండ్లర్ పెట్టుకోని సిగ్నల్‌ని (కంటెయినర్ బయటి నుంచి వచ్చే సిగ్‌కిల్ లాంటివి తప్ప) కెర్నల్ దానిమీద అమలు చేయదు, కాబట్టి ఆపమని సిగ్‌టర్మ్ పంపినా కంటెయినర్ కదలదు. డాకర్ స్టాప్ మామూలుగా 10 సెకన్లు, కుబర్నెటీస్ (కంటెయినర్లని నడిపించే సాఫ్ట్‌వేర్) 30 సెకన్లు చూసి, బలవంతంగా చంపే సిగ్‌కిల్ పంపుతాయి, అప్పుడు ఎగ్జిట్ కోడ్ 137 పడుతుంది. 137 చూడగానే మెమొరీ సరిపోలేదని ర్యామ్ పెంచేవాళ్లున్నారు. మెమొరీ దాటినా అదే కోడ్ వస్తుంది, నిజమే, కానీ ఆ ఒక్క కారణమే కాదు. టైనీ అనే బుల్లి ఇనిట్ ఈ రెండు పనులూ చూసుకుంటుంది: సిగ్నల్స్ అందిస్తుంది, ఆర్ఫన్లకి వెయిట్ చేస్తుంది. డాకర్ 1.13 నుంచి రన్ కమాండ్‌కి ఇనిట్ ఆప్షన్ చేరిస్తే అది తానే వచ్చి 1వ నంబరులో కూర్చుంటుంది.

వెయిట్ లేని రోజులు, వెయిట్ లేని చోట్లు

యూనిక్స్ పుట్టిన తొలిరోజుల్లో వెయిట్ కాల్ లేదు. 1969 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో పీడీపీ-7 మెషిన్ మీద కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ పనిచేసినప్పుడు ఫోర్క్‌ని కేవలం 27 లైన్ల అసెంబ్లీ కోడ్‌తో చేర్చారని రిచీ తర్వాత రాశారు. అప్పట్లో ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు పంపే ఏర్పాటు ఉండేది. షెల్ తన చైల్డ్‌కి ఒక మెసేజ్ పంపేది, దాన్ని చైల్డ్ ఎప్పటికీ అందుకోదు, కాబట్టి షెల్ అక్కడే ఆగిపోయేది. చైల్డ్ ముగియగానే, అందుకునేవాడు లేడని ఆ కాల్ ఎర్రర్‌తో తిరిగొచ్చేది. ఆ ఎర్రరే "పని అయింది" అన్న కబురు! ఆ మెసేజ్‌ల ఏర్పాటు పోయి దాని స్థానంలో వెయిట్ వచ్చింది.

విండోస్ దారి వేరు. అక్కడ పేరెంట్‌కి ప్రత్యేక హక్కేమీ లేదు. ప్రాసెస్ పుట్టించినప్పుడు ఒక హ్యాండిల్ (ఆ ప్రాసెస్‌ని సూచించే గుర్తు) వస్తుంది, తగిన అనుమతితో ఆ హ్యాండిల్ ఎవరి దగ్గరుంటే వాళ్లు దానిమీద ఆగొచ్చు, ఎగ్జిట్ కోడ్ అడగొచ్చు. చివరి హ్యాండిల్ మూసేదాకా ఎంట్రీ బతికే ఉంటుంది. అంటే అక్కడా పేరుకుపోవడం ఉంది, హ్యాండిల్ లీక్ అని పిలుస్తారు అంతే. ఇంకా నడుస్తున్న ప్రాసెస్ కోడ్ అడిగితే 259 వస్తుంది, నిజంగానే 259తో ముగిసిన ప్రోగ్రామ్ ఇంకా నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

లినక్స్ కూడా ఇటీవల అటువైపు కొంత జరిగింది. 2019లో 5.3 వెర్షన్‌లో వచ్చిన పిడ్‌ఎఫ్‌డీ ఓపెన్ కాల్‌తో ఒక ప్రాసెస్‌ని ఫైల్ డిస్క్రిప్టర్‌లా (తెరిచిన ఫైలుకి కెర్నల్ ఇచ్చే నంబరు) పట్టుకోవచ్చు, నెట్‌వర్క్ కనెక్షన్ల సాకెట్లతో పాటు దాన్నీ ఈపోల్‌లో (చాలావాటిని ఒకేసారి కనిపెట్టే కాల్) పెట్టి సిగ్నల్ హ్యాండ్లర్ల గోల లేకుండా కనిపెట్టుకోవచ్చు. ఒకసారి చేతికి చిక్కాక అది ఆ ప్రాసెస్‌నే సూచిస్తుంది కాబట్టి, పీఐడీ వేరొకరికి మారినా పొరపాటు పడే పని లేదు. 5.4 నుంచి వెయిట్‌ఐడీ కాల్ కూడా దాన్ని తీసుకుంటుంది. పిడ్‌ఎఫ్‌డీ ఉన్న ఎవరైనా ఆ ప్రాసెస్ ముగిసిందని తెలుసుకోవచ్చు గానీ, వెయిట్ చేసి ఎంట్రీ చెరిపే అధికారం ఇప్పటికీ పేరెంట్‌దే.